ఫ్రీజర్‌లో అడ్డుచెక్క

మా గ్యారేజీలో ఉన్న పెద్ద ఫ్రీజర్‌కు మధ్యన ఒక అడ్డుచెక్క ఉండేది. కొట్టింది నేనే, అదీ కోపంతో. చెక్కకు ఇవతల నా చేపలు, జింక మాంసం. అవతల మా ఆవిడ మార్లిస్ దాచుకునే ఎలుకలు. పెళ్లినాడు పాస్టరుగారు ఎన్నో చెప్పారు గానీ, కాపురంలో సరిహద్దు గోడ కూడా ఉంటుందని మాత్రం చెప్పలేదు.

ఆ ఎలుకలు మా పాముకు మేత. చంపి, గడ్డకట్టించి అమ్ముతారు. పొగలు కక్కే ఐసుతో థర్మాకోల్ పెట్టెలో ఇంటికే వస్తాయి. పెట్టె వచ్చిందంటే మార్లిస్‌కు పండగే. మొదట్లో వేలెడంత గులాబీరంగు కూనలు తెప్పించేది. పాము పెరిగేకొద్దీ మేత కూడా పెరిగి చివరికి అరచేయంత ఎలుకలయ్యాయి. వాటి తోకలు సర్ది, ఒకదానికొకటి అంటుకోకుండా ఒక్క వరుసలో పేర్చి, సంచిలో గాలంతా అరచేత్తో నొక్కి తీసేసి, జిప్పు మూసేది. నేను వెనక నిలబడి సణిగేవాణ్ని.

"క్రిస్మస్‌కి బిస్కెట్లు కూడా ఇంత శ్రద్ధగా పేర్చవు కదే!"

"బిస్కెట్లు తినేది నువ్వు. ఎలా పెట్టినా మింగుతావు. దీనికి రుచీ పచీ తెలుసు."

పాము పేరు హిల్డా. మా అమ్మ పేరూ హిల్డాయే. లోకంలో ఇంకో పేరు దొరకలేదా అని అడిగితే, "మీ అమ్మలాగే నేను పెట్టింది చూసి తల పక్కకి తిప్పుకుంటుంది, అందుకు" అంది. కొండచిలువల్లో అది చిన్న జాతి. చుట్ట చుట్టుకుంటే బంతిలా ఉంటుంది గానీ పంతం మాత్రం ఏనుగంత. అలిగిందంటే నెలల తరబడి నోరు తెరవదు. మా అమ్మ గురించి నేనిక్కడేమీ చెప్పదలచుకోలేదు.

అడ్డుచెక్క సంగతికి వస్తాను. హిల్డా వచ్చిన ఏడాది చర్చిలో చేపల వేపుడు విందు పెట్టారు. చేపలు నా వంతు. నా స్నేహితుడు డ్వేన్ చూస్తుండగా ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టి లాగితే ఎలుకల సంచి వచ్చింది. ఇక చూస్కోండి. "ఆర్విడ్ తెచ్చిన వేపుడు తినేముందు తోకలున్నాయేమో చూసుకోండ్రోయ్" అని ఊరంతా టముకు వేశాడు డ్వేన్. ఆ సాయంత్రమే ప్లైవుడ్ కోసి, ఫ్రీజర్ అడుగుదాకా బిగించి, సందుల్లో రబ్బరు పట్టీ దూర్చి, "ఇక నీ దరిద్రం ఇటు రాకూడదు" అని అరిచాను. మార్లిస్ వచ్చి చెక్కను వేలితో కొట్టి చూసింది. "బాగా బిగించావు" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది. వెటకారమనుకున్నాను.

పోరు నష్టం, పొందు లాభం అంటారు. మా ఇంట్లో పోరు కూడా లాభమే. మేత పెట్టే సాయంత్రం ఎంత పోట్లాటలో ఉన్నా ఆపేసేవాళ్లం. ముందు రోజే మార్లిస్ ఎలుకను ఫ్రిజ్‌లో నీలం డబ్బాలో పెట్టి మెల్లగా కరగనిచ్చేది. ఆ తర్వాత సంచితోనే గోరువెచ్చని నీళ్లలో ముంచేది. (నేనొకసారి తొందరపడి మైక్రోవేవ్‌లో పెట్టాను. దాని గురించి మాట్లాడను. కొత్త మైక్రోవేవ్ కొన్నాం, అంతే.) "ఆర్విడ్, లైటు తగ్గించు" అనేది. ఇద్దరం నేల మీద కూర్చుని ఊపిరి బిగపట్టేవాళ్లం. పొడుగాటి పటకారు చివర ఎలుకను చూసి హిల్డా నాలుక ఆడించేది, ఆగేది, ఒక్కసారిగా అందుకునేది. ఆ క్షణంలో మార్లిస్ నా మోకాలు గట్టిగా పట్టుకునేది. ఎన్ని ఏళ్లు చూసినా, ప్రతిసారీ. ఆ పట్టు కోసం ఇవాళ నా పడవ, చేపలు, ఏది అడిగినా ఇచ్చేస్తాను.

నిరుడు ఆకులు రాలే రోజుల్లో మార్లిస్‌ను వృద్ధుల సంరక్షణ ఇంట్లో చేర్చాను. మొదట స్టవ్ ఆపడం మరిచిపోయింది. తర్వాత ఇంటికి వచ్చే దారి. తర్వాత నన్ను. ఇప్పుడు నేను వెళితే, "వచ్చారా? కూర్చోండి మిస్టర్" అంటుంది. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఇంత మర్యాద ఇచ్చిన మనిషి కాదు. కానీ హిల్డాను మాత్రం మరవలేదు. నేనెవరో, పాము నా దగ్గరెందుకుందో ఆమెకు అక్కర్లేదు. ఆదివారం వెళ్లగానే ఒకటే ప్రశ్న.

"హిల్డా తిందా?"

ఇక్కడే వచ్చింది చిక్కు. చలి మొదలైనప్పటి నుంచి హిల్డా మేత ముట్టుకోవడం మానేసింది. కరిగించడంలో లోపం లేదు, వెచ్చబెట్టడంలో లోపం లేదు. నాలుక ఆడిస్తుంది, మా అమ్మలా తల తిప్పుకుంటుంది. చలికాలంలో మామూలేనని పశువుల డాక్టరు మొదట కొట్టిపారేశాడు. పోయిన నెల తూకం చూసి మాత్రం ముఖం ముడిచాడు. హిల్డా వెన్ను గట్టులా పైకి తేలింది.

డ్వేన్ అయితే, "ఇచ్చేయరా ఎవరికైనా, పీడా వదులుతుంది" అన్నాడు.

"మా అమ్మ పేరున్నదాన్ని ఇచ్చేయమంటావా?"

"మీ అమ్మనైతే ఎప్పుడో ఇచ్చేసేవాళ్లం, తీసుకునేవాడు దొరక్క గానీ."

ఒక ఆదివారం మార్లిస్‌తో తిందని అబద్ధం చెప్పాను. "కొట్టి పట్టిందా, మెల్లగా అందుకుందా? ఎటు నుంచి మింగింది?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. ఆమె నా ముఖం ఒకసారి చూసి గోడవైపు తిరిగి పడుకుంది. నేను లేచి వచ్చేదాకా ఇటు తిరగలేదు. అప్పటి నుంచి అబద్ధం జోలికి పోలేదు. హిల్డా చచ్చిపోతే ఆ ఒక్క ప్రశ్న కూడా పోతుంది. ఇక ఆమెకు నన్ను అడగడానికి ఏమీ మిగలదు. నా భయమల్లా అదే.

ఈ చలికాలం మొదట్లోనే చేపలు విరగబడ్డాయని కూడా చెప్పాలి. మా వైపు అందరూ చేసినట్టే చేప ముక్కల్ని ఖాళీ పాల డబ్బాల్లో పెట్టి, నీళ్లు పోసి, గడ్డకట్టిస్తాం. డబ్బాలకు చోటు చాల్లేదు. చోటు మాట అటుంచితే, మూత ఎత్తిన ప్రతిసారీ ఆ అడ్డుచెక్క కనబడేది, అవతల పోట్లాడే మనిషి కనబడేది కాదు. ఎవరితో సరిహద్దు ఇక? ఊడబీకి మూలన పడేశాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు తొలిచిన కన్నాల్లోంచి గాలాలు ఎత్తేసి నేరుగా ఆమె దగ్గరికి వెళ్లాను.

"హిల్డా తిందా?"

"లేదు."

"ఎలా కరిగించారు?"

చెప్పాను. పడుకున్న మనిషల్లా లేచి కూర్చుంది. తల ఊపుతూ విన్నది. మధ్యలో ముక్కు ఎగబీల్చి, "మీ దగ్గర చేపల కంపు కొడుతోంది" అంది.

"సరస్సు నుంచే వస్తున్నాను."

"మా ఆయనా ఇంతే. ఆ ముక్కుకి చేప వాసన వాసనే కాదు. దిండు కింద చేపను పెట్టినా గుర్రుపెట్టి నిద్రపోతాడు." కళ్లు చిన్నవి చేసింది. "ఎలుకలెక్కడ పెడుతున్నారు?"

"ఫ్రీజర్‌లో."

"చేపల్తోనా?"

"పక్కనే..."

"అడ్డుచెక్క ఉందిగా?"

నేను బూట్ల వంక చూసుకున్నాను. "తీసేశాను. చోటు చాలక."

"ఓరి దేవుడా! తలకాయుందా మీకు? మీ కాఫీలో చేపనీళ్లు పోస్తే తాగుతారా? అది మాత్రం ఎలా ముట్టుకుంటుంది? పాపం, ఇన్నాళ్లూ ఆకలితో మాడ్చారు దాన్ని!" పక్క గదిలోంచి నర్సు తొంగి చూసింది. మార్లిస్ ఆగలేదు. "ఆ చెక్క ఎవరు కొట్టారనుకున్నారు? మా ఆయన. హిల్డా తిండికి చేప వాసన పట్టకూడదని సందుల్లో రబ్బరు దూర్చి మరీ కొట్టాడు. పైకి మాత్రం 'నీ దరిద్రం ఇటు రాకూడదు' అని కేకలు. ఆయన కేకలన్నీ అంతే, మనసు వెన్న." చటుక్కున గొంతు తగ్గించింది. "ఈ మాట ఆయనతో అనకండి. నెత్తికెక్కి కూర్చుంటాడు."

ఆ చెక్క కొట్టినప్పుడు నా మనసులో వెన్నా లేదు, నెయ్యీ లేదు, ఉత్త కోపం. పాము ముక్కు సంగతి నాకు కలలో కూడా తట్టలేదు. ఆమె ఇన్నేళ్లూ దాన్ని ఇలా లెక్కేసుకుని నాతో బతికిందా?

"అననులెండి" అన్నాను.

ఇంటికి వచ్చి ఫ్రీజర్ ఖాళీ చేశాను. అడుగున ఒక పాల డబ్బా గడ్డకట్టకముందే ఒరిగిపోయి ఉంది. చేపనీళ్లు ఎలుకల సంచుల మీదుగా పారి పచ్చగా పేరుకున్నాయి. నేను మార్లిస్‌లా జిప్పు మూయలేదు, మడిచి పడేశాను. ఎన్నిసార్లు ముక్కు దగ్గర పెట్టుకున్నా నాకు ఏ వాసనా తెలియలేదు. ఆ సంచులన్నీ పారేశాను. ఫ్రీజర్‌ను వంటసోడా కలిపిన నీళ్లతో కడిగాను. చేపల్లో సగం డ్వేన్‌కు ఇచ్చేశాను. మూలనున్న చెక్క తెచ్చి, కొత్త రబ్బరు పట్టీ వేసి బిగించాను. వేలితో కొట్టి చూశాను.

కొత్త పెట్టె వచ్చింది. వంటింటి బల్ల మీద తోకలు సర్దాను. అరచేత్తో గాలి నొక్కి తీశాను. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాను. మర్నాటి సాయంత్రం లైటు నేనే తగ్గించి నేల మీద కూర్చున్నాను. హిల్డా నాలుక ఆడించింది. ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ఎంత జోరుగా అందుకుందంటే పటకారు చేతిలోంచి ఎగిరిపోయింది. నాకు తెలియకుండానే నా చెయ్యి నా మోకాలు మీదికి వెళ్లింది. అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆదివారం తలుపు దగ్గర ఉండగానే అడిగింది. "హిల్డా తిందా?"

"తింది. కొట్టి పట్టింది. పటకారు కూడా లాక్కుపోయింది."

మార్లిస్ ముఖం విప్పారింది. మంచం మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "చెక్క మళ్లీ పెట్టారా?"

"పెట్టాం."

"మా ఆయనే కొట్టాడా?"

"ఆయనే."

"ఏమన్నాడు?"

"సణిగాడు."

"మరి! సణక్కుండా ఒక్క మేకైనా కొట్టాడా జన్మలో!" అని పగలబడి నవ్వుతూ, నా మోకాలు గట్టిగా పట్టుకుంది.