అక్కుపల్లి నల్ గారి కుటుంబం

నిరుడు మే ఏడో తారీఖు, బుధవారం మధ్యాహ్నం నేను పనసపొట్టు కూర, మజ్జిగ అన్నం తిన్నాను. కూర బ్లెస్సీ తెచ్చింది. ఆఫీసులో నా పక్క కుర్చీ ఆ అమ్మాయిది. నా భార్య పోయినప్పటి నుంచి ఆమె "ఎక్కువ వండేశాను మాస్టారూ" అంటూ ఒక గిన్నె నా వైపు జరుపుతుంది. రోజూ పొరపాటున ఎక్కువ వండే మనుషులు దొరకడం మాటలు కాదు.

మాది పలాసలో చిన్న సేవాసంస్థ. ఉద్దానం తీరపు ఊళ్ల నుంచి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను వ్యానులో డయాలసిస్‌కు తీసుకొచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపుతాం. ఇంటికి ఒక సీటు. కార్డు ఇల్లాలి పేరు మీద ఉంటుంది, పక్కన భర్త పేరుంటుంది; జబ్బు ఆయనదైతే సీటు ఆ పేరు మీదే వస్తుంది. డిగ్రీలో లెక్కలు చదివానని కంప్యూటర్ నాకు అప్పగించారు.

గిన్నె కడుగుతుంటే డ్రైవరు యువరాజు ఖాళీ వ్యానుతో వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, నల్ గారంటే ఎవులండి?"

"ఏ నల్?"

"అక్కుపల్లికి ఈయాల ఒక్కటే సీటని ఫోన్లో వచ్చింది. పేరు నల్ గారు. నల్ గారూ, నల్ గారూ అని ఊరంతా పిలిసాను. ఎవులూ పలకలేదు. అడిగినోళ్లని ఎక్కిద్దారంటే, పేరు లేనోళ్లని అక్కడ మిషను దగ్గరికి రానివ్వరు కదా."

కంప్యూటర్ తెరిచి చూశాను. అక్కుపల్లిలో మా కార్డున్న ఆడవాళ్లందరూ ఒకే ఇంట్లో ఉన్నారు. అందరి భర్తా ఒక్కడే. నల్.

జరిగింది ఇది. పోయిన వారం గౌతమి అనే అమ్మాయి ఆ ఊళ్లో సర్వే చేసింది. మీ ఆయన పేరేమిటంటే అక్కడి ఆడవాళ్లు చెప్పరు. మొగుడి పేరు నోట పలకరు. గౌతమి మర్యాదస్తురాలు. బలవంతపెట్టకుండా ఆ గడి ఖాళీగా వదిలేసింది. మా ప్రోగ్రాం ఆ ఖాళీని, కంప్యూటర్ భాషలో ఏమీ లేదని అర్థమొచ్చే 'నల్' అనే మాటగా రాసి విశాఖ ఆఫీసుకు పంపింది. అక్కడి ప్రోగ్రాం దాన్ని మనిషి పేరనుకుని, అదివరకున్న పేర్లు తుడిచేసి, ఒకే భర్త ఉన్నవాళ్లందర్నీ ఒకే ఇంటికి చేర్చింది. ఇంటికి ఒక సీటు.

సాయంత్రానికి అక్కుపల్లి నుంచి దాలమ్మ ఆటోలో వచ్చింది. వెంట మొగుడు అప్పలస్వామి, పక్కింటి రత్నాలమ్మ. అప్పలస్వామి కాళ్లు బాగా ఉబ్బాయి. బుధవారం డయాలసిస్ తప్పింది, శుక్రవారం కూడా తప్పితే ఊపిరి అందదు. అతన్ని బల్ల మీద కూర్చోబెట్టాం.

"ఈ రత్నాలమ్మ నాకు సవితయ్యిందట బాబూ," అంది దాలమ్మ. "పొద్దున్నుంచీ నా సేపల్లో వాటా అడుగుతాంది."

"పెద్ద పెళ్లాన్ని నానే," అంది రత్నాలమ్మ. "నా మొగుడు పోయి పదేళ్లయ్యింది. సర్కారోళ్లు ఇవ్వనిది మీరిచ్చారు. ఆయన సూడ్డానికెలాగుంటాడో సెప్పలేదు."

విశాఖలో చంద్రమౌళి గారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. అక్కడి ప్రోగ్రాం చూసేది ఆయనే.

"చాలా సులువు," అన్నాడాయన. "ఆవిడ స్వయంగా భర్త పేరు చెబితే రికార్డు చేసి ఇప్పుడే మార్చేస్తాను."

దాలమ్మ మెల్లగా, "తిరుమల నాన," అంది.

"తిరుమల. రాశాను."

"ఓలమ్మా, తిరుమల నా కొడుకు. ఈ బాబు నా కొడుకునిచ్చి నాకు పెళ్లి సేసేత్తన్నాడు. ఆపించండి."

"పేరు నానే సెప్తాను," అన్నాడు అప్పలస్వామి బల్ల మీంచి.

"మీరెవరు?"

"దాని మొగుణ్ణి."

"రికార్డులో ఆవిడ భర్త నల్ గారు. పై మనిషి చెబితే చెల్లదండీ."

"మేమైతే పేరు పెట్టే పిలుస్తాం," అంది బ్లెస్సీ చిన్నగా. "మా ఆయన్ని రోజుకి వందసార్లు జెర్రీ జెర్రీ అంటాను. ఏమీ కాలేదు పిన్నీ."

"నీ దేవుడు వేరే కదమ్మా. నాను పలికితే ఈయన ఆయుస్సు తగ్గిపోద్ది."

"పలక్కపోతే శుక్రవారానికే తగ్గిపోద్ది," అన్నాడు అప్పలస్వామి. "సెప్పేయే. నాకేటవదు."

ఆమె మొగుడి పాదాల వైపు చూసింది. నోరు తెరిచింది. ఆసుపత్రిలో నర్సు అడిగితే నా భార్య కూడా పేరు చెప్పకుండా నా వైపు వేలు చూపించేది.

"ఆగమ్మా," అన్నాను. "చంద్రమౌళి గారూ, వీళ్లు పేరు లేదని చెప్పలేదు. అసలేమీ చెప్పలేదు. మనమే దాన్నొక జవాబుగా రాసి పంపాం. ఖాళీ గడి కాకుండా, అసలా గడే లేకుండా పంపితే?"

ఫోన్లో కీబోర్డు చప్పుడు వినిపించింది.

"గడే లేకపోతే మా ప్రోగ్రాం ఆ విషయం జోలికి పోదు. పాత పేరు అలాగే ఉంటుంది. పాత పేర్లున్న పోయిన నెల కాపీ నా దగ్గరుంది. దాన్ని వెనక్కి పెట్టి మీ ఫైలు మళ్లీ తీసుకుంటాను. కానీ ఒక్క ఖాళీ వచ్చినా నల్ గారు మళ్లీ దిగుతారు."

గురువారమంతా నేనూ బ్లెస్సీ అదే పని చేశాం. చెప్పనివాళ్ల గడి తీసేశాం. రత్నాలమ్మను మాత్రం ఫోన్ చేసి అడిగాం.

"నాకు లేడు. లేడనే రాసుకోండి," అంది. "దాలమ్మతో కలిపి రాయకండి, దాని వంట నాకు పడదు."

అక్కడ 'లేరు' అని రాశాం.

శుక్రవారం నేను కూడా వ్యానెక్కాను. అక్కుపల్లిలో యువరాజు ఫోన్ చూసి, "అప్పలస్వామి గారూ," అని కేకేశాడు. అతను కర్ర పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. అతని వెనక ఇంకో ముగ్గురు, ఎవరి పేరుతో వాళ్లు. ఎవరి భార్యా ఎవరి భార్యకూ సవతి కాదు.

తిరిగి దింపేసరికి చీకటి పడుతోంది. కాళ్ల వాపు కొంత తీసింది. అప్పలస్వామి మంచం మీద వాలగానే నిద్రపోయాడు. దాలమ్మ గుమ్మం దాకా వచ్చి నా ఫోన్ వైపు చూసింది.

"ఆ పేరు అందులో ఉందా బాబూ?"

"ఉందమ్మా. చదవనా?"

"వద్దు. పడుకున్నాడు," అని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి లోపల గడియ పెట్టుకుంది.