వెనకాలే వస్తున్న జీపు

మూడో మలుపు దగ్గర జీపు హారన్ వినిపించింది. వెనక్కి తిరిగి చూడకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి చూడలేదు. చూడకపోయినా ఆ ఇంజను చప్పుడు నాకు బాగా తెలుసు. పోయినేడు ఇదే అనంతగిరి ఘాటు మీద, ఇదే పరుగులో, దాని వెనక సీట్లో కూర్చునే కిందికి దిగాను.

వికారాబాదు మైదానంలో మొదలై, గుట్ట ఎక్కి, పైన తిరిగి, మళ్లీ మైదానానికే రావాలి. మొత్తం పది కిలోమీటర్లు. అందరికన్నా వెనక ఈ జీపు మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో వస్తుంది. అది ఎవరిని అందుకుంటే వాళ్లు ఎక్కి కూర్చోవాలి. ఎవరూ సొమ్మసిల్లి దారిలో పడిపోకూడదని పెట్టిన ఏర్పాటు. ఆ దయ ఎంత బరువుంటుందో ఎక్కినవాళ్లకే తెలుస్తుంది.

మా తాండూరు చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పే అలవాటు ఉంది. దేవుడు మేలు చేస్తే లేచి నిలబడి అందరికీ చెప్పాలి. మా అత్తమ్మ మొగులమ్మ కాస్త తొందరమనిషి. పోయినేడు నేనింకా గుట్ట మీద ఉండగానే ఆమె అక్కడ లేచి, మా కోడలు పది కిలోమీటర్లు ఉరికింది, దేవునికి స్తోత్రం అని చెప్పేసింది. సంఘమంతా ఆమెన్ అంది. ఆమెన్ అన్న కాసేపటికి అందరి ఫోన్లలోకి నా ఫోటో వచ్చింది. జీపు వెనక సీట్లో, రెండు కాళ్లూ బయటికి వేలాడేసి, పెళ్లిచూపుల్లో కూడా లేనంత సిగ్గుతో నేను.

పక్కింటి సత్యమ్మ అత్తమ్మతో, "దేవుడు జీపు రూపంల ఆదుకున్నడు వదినా" అంది.

ఆ మరుసటి వారం నుంచి అత్తమ్మ ముందు వరస చాప వదిలేసి, తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. దేవుని ఇంట్లో అబద్ధం చెప్పిన మనిషి ముందు కూర్చోకూడదట. ఏడాదిగా అక్కడే. పాస్టరమ్మ వచ్చి పిలిచినా కదల్లేదు. ఈరోజు తెల్లవారుజామున నేనూ మా ఆయనా బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి ఒకటే మాట చెప్పింది.

"నీ కాళ్ల మీద నువ్వు కిందికి దిగొస్తే నేను ముందటికి పోత. లేకుంటే గాడ్నే మంచిగున్నది, గాలొస్తది."

అందుకని నేను వెనక్కి చూడలేదు.

నిజానికి నేను పరుగు మొదలుపెట్టింది మనుషుల్ని తప్పించుకోవడానికి. షుగరు అంచు మీద ఉంది, రోజూ నడవండి అన్నాడు డాక్టరు. మా వీధిలో నడవడమంటే గేటు గేటుకూ ఆగి, ఇవాళ ఏం కూరో చెప్పడం. ఉరికితే ఎవరూ ఆపరు కదా అనుకున్నాను. డిగ్రీ చదివినదాన్ని, ఆమాత్రం ఆలోచించగలను. కానీ పెళ్లయి పిల్లలున్న ఆడమనిషి పొద్దున్నే రోడ్డు మీద ఉరికితే మావాళ్లకు ఒకటే అర్థం. ఇంట్లో ఎవరికో ఏదో అయింది. మొదటిరోజు రెండో కరెంటు స్తంభం చేరకముందే జంగప్ప మామ బండి ఆపాడు.

"ఎవలకేమైంది బిడ్డా? ఎక్కు, దవాఖానకు పోదాం."

"ఏం కాలే మామా. ఊకనే ఉరుకుతున్న."

ఆయన నమ్మలేదు. నా గుండె ధైర్యానికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను ఇల్లు చేరేసరికి నలుగురు ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని అత్తమ్మను ఓదారుస్తున్నారు. ఎందుకో తెలియకపోయినా ఆమె కూడా ఏడుస్తోంది.

ఆ తర్వాత కుక్కలు. ఆ తర్వాత నాపరాళ్ల పాలిషింగు దుమ్ముకు పట్టిన దగ్గు. పోయినేటి జీపు సంగతి మరిచిపోకముందే, జనవరిలో యాలాల్ రోడ్డు మీద ఆరబోసిన కందుల మీద కాలు జారి పడ్డాను. చీలమండ బూరెలా వాచింది. కందుల రైతు నన్ను లేపుతూనే తిట్టాడు. "నీ కాలు వారానికి మంచిగైతది తల్లీ, తొక్కిన నా కందులెట్ల మంచిగైతయ్?" వారం కాదు, ఈస్టరు దాకా కుంటుతూనే ఉన్నాను. ఇక చాలు అనుకున్న ప్రతి ఆదివారం, చెప్పుల పక్కన కొంగు కప్పుకుని కూర్చున్న అత్తమ్మ కనిపించేది. సోమవారం మళ్లీ బూట్లు వేసుకునేదాన్ని.

గుట్ట మీద తిరిగేచోట నీళ్లు ఇస్తున్నారు. ఆగితే మళ్లీ కదలనని తెలుసు. గ్లాసు అందుకుని సగం మొహాన, సగం మెడలో పోసుకుని తిరిగాను. ఎదురుగా జీపు వస్తోంది. ఇప్పుడు చూడక తప్పలేదు. నాకూ దానికీ మధ్య ఒక్క మలుపే ఎడం.

దిగుడు సులువనుకుంటారు ఎవరైనా. దిగుడులో మోకాళ్లు అరుస్తాయి. నా ముందు గులాబీరంగు బూట్లతో అమూల్య అనే కాలేజీ పిల్ల పోతోంది. పొద్దున మైదానంలో పరిచయమైంది. ఉన్నట్టుండి పిక్క పట్టుకుని రోడ్డు పక్కన కూలబడింది.

"నావల్ల కాదాంటీ. మీరు పోన్రి."

జీపు ఆగిన చప్పుడు, తలుపు పడిన చప్పుడు వెనకనుంచి వినిపించాయి. ఆ కాసేపు ఆగినందుకు నాకు ఇంకో పాతిక గజాలు దొరికాయి. పిల్ల కాలు పట్టేస్తే సంతోషించినదాన్ని నేను. ఆ లెక్క దేవుడు వేరే రాసుకుంటాడు.

మిగతావాళ్లంతా ఎప్పుడో ముందుకు పోయారు, ఇప్పుడు జీపుకు అందేంత దూరంలో మిగిలింది నేనొక్కదాన్నే. లోపలివాళ్లు నన్నే చూస్తున్నారని వీపుకు తెలుస్తోంది.

"ఆంటీ, ఎక్కుర్రి! బిస్కట్లున్నయ్!" అమూల్య గొంతు. ఎక్కిన నిమిషంలోనే కోలుకుంది.

చివరి మలుపులో తాండూరు నుంచి వస్తున్న బస్సు జీపును దాటి నా పక్కకొచ్చి నెమ్మదించింది. కండక్టరు తలుపులోంచి సగం బయటికి వంగాడు.

"అక్కా, ఎక్కు! ఆడోళ్లకు బస్సు ఫ్రీ ఉండంగ గీ తిప్పలెందుకు?"

బస్సంతా నవ్వింది. "ఆధార్ తేలే అన్నా" అన్నాను. అనడానికి పోగొట్టుకున్న ఊపిరి మళ్లీ దొరకలేదు. ఎడమ పిక్కలో దారం బిగిసినట్టయింది. ఇంకో పది అడుగులకు ఆ దారం తాడయింది.

ఘాటు అయిపోయి రోడ్డు తిన్నగా సాగింది. దూరంగా మైదానం దగ్గర గాలి నింపిన ఎర్ర ఆర్చి కనిపించింది. అదే సమయానికి జీపు ముందు చక్రం కూడా కనిపించింది, నా కుడిచేతి పక్కన.

డ్రైవరు నర్సింహులు తల బయటికి పెట్టాడు. "ఎక్కుర్రి అక్కా. నేను జేసేదేం లేదు."

"జర మెల్లగ తోలన్నా, గా ఆర్చి కాడికే కదా!" అమూల్య బతిమాలింది. బిస్కట్ల పొట్లం చేతిలోనే ఉంది.

"మెల్లగ తోలేటట్లయితే నిన్నెట్ల ఎక్కిచ్చిన బిడ్డా?" అన్నాడతను. ఆ మాట నాకూ న్యాయంగానే తోచింది, అందుకే ఏడుపొచ్చింది.

ముందు సీట్లో నిర్వాహకుడు బాల్‌రాజ్ మెడలో విజిల్ వేసుకుని ఉన్నాడు. "దిగులొద్దమ్మా, మళ్లేడు చూద్దాం. జీపు అందుకున్నంక నంబరున్నోళ్లు రోడ్డు మీద ఉండొద్దు, రూలు. నంబరున్నోళ్ల జిమ్మ మాది, ఏమన్నయితే మేమే జవాబు చెప్పాలె."

ఆగాను. సీటు ఖాళీగా ఉంది. పోయినేడు కూర్చున్న సీటే. అమూల్య జరిగి చోటిచ్చింది. ఒక చెయ్యి చాచితే చాలు. ఇంకో ఏడాది అత్తమ్మకు గాలి బాగానే వస్తుంది.

నంబరున్నోళ్ల జిమ్మ.

ఛాతీ మీది నంబరు కాగితానికి నాలుగు పిన్నులున్నాయి. వేళ్లు చెమటకు జారుతున్నాయి. ఒకటి గుచ్చుకుంది కూడా. విప్పి, కాగితాన్ని సాపు చేసి, సీటు మీద పెట్టాను.

"ఇగో, మీ జిమ్మ. పైలంగ తీస్కపోన్రి."

"మరి నువ్వు?" బాల్‌రాజ్ నోరు తెరిచాడు.

"నాకు నంబరు లేదు. నేను రోడ్డు మీద పోయే మనిషిని."

"గిట్ల రూల్ల లేదమ్మా!"

"గిట్ల వద్దని ఉన్నదా?"

ఆయన నర్సింహులు వైపు చూశాడు. నర్సింహులు అద్దంలోకి చూసి గేరు వేశాడు.

జీపు నన్ను దాటి పోయాకగానీ అసలు కష్టం తెలియలేదు. ఇంతసేపూ అది తరిమింది కాబట్టి ఉరికాను. ఇప్పుడు వెనక ఎవరూ లేరు. ముందూ లేరు. గడియారం లేదు, నంబరు లేదు. నడిచినా అడిగేవాళ్లు లేరు, నడిచి ఉరికానని చెప్పినా కాదనేవాళ్లు లేరు. తాడు బిగిసిన పిక్క అదే మాట చెవిలో చెబుతోంది. నడువు, ఎవరు చూడొచ్చారు?

నడవలేదు. దాన్ని ఉరకడం అనాలంటే చూసేవాడికి మంచి మనసుండాలి. కానీ నడవలేదు.

నేను చేరేసరికి ఆర్చి గాలి తీసేశారు. నేల మీద ఎర్ర పరుపులా పడుంది. కిందనుంచి పోవలసినదాన్ని పైనుంచి దాటాను. మా ఆయన ఇమ్మానుయేలు అప్పటికే జీపు దగ్గర గొడవ పెట్టుకుని ఉన్నాడు. "నంబరున్నది, మనిషేది?" అని అరుస్తున్నాడు. నన్ను చూసి, ఉన్న కోపమంతా నీళ్ల సీసా మూత మీద చూపించాడు.

బండి మీద తాండూరు చేరేసరికి ఆరాధన సగం దాటింది. తలుపు దగ్గర చెప్పుల పక్కన అత్తమ్మ ఉంది. బూట్లు విప్పుదామంటే వంగలేకపోయాను. ఆమే నా పాదం ఒళ్లోకి లాక్కుని లేసులు విప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు.

"ఎక్కినవా?"

"నా నంబరెక్కింది అత్తమ్మా. నేనెక్కలే."

జరిగింది గుసగుసగా చెప్పాను. ముడి ఊడటం లేదు. పళ్లు బిగించి గోటితో లాగుతోంది.

"పతకమిచ్చిండ్రా?"

"ఇయ్యలే. జీపు నన్నందుకున్నది. వాళ్ల లెక్కల నేను లేను."

"ఆఖరిదాంక ఉరికినవా?"

"ఉరికిన."

"ఎవలన్న చూసిండ్రా?"

"లేదు. ఆఖర్ల ఎవ్వలు లేరు."

ముడి ఊడింది. బూటు పక్కన పెట్టి, ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. సంతలో వంకాయను చూసినట్టు, పుచ్చు ఉందేమోనని.

ముందునుంచి పాస్టరమ్మ, సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని అడిగింది. లేద్దామని గోడ పట్టుకున్నాను. అత్తమ్మ చెయ్యి నా భుజం మీద పడి కిందికి అదిమింది.

"నువ్వు కూసో. నాది చెప్పినంక నీది."

కొంగు సర్దుకుని, చాపల మధ్యనుంచి ముందుకు నడిచింది. తలలన్నీ తిరిగాయి. ముందు వరసలో సత్యమ్మ కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది. అత్తమ్మ కూర్చోకుండా అక్కడే నిలబడి సంఘం వైపు తిరిగింది.

"పోయినేడు నేను జెప్పింది అబద్ధం గాదు," అంది. "జర ముందుగాల జెప్పిన, గంతే."