రాణి కాలికి పసుపు

పసుపు లేదంటే లేదని నీలవ్వ మూడోసారి చెప్పింది. మంచం కింద కుండ నిండా ఈ ఏటి పసుపు ఉన్న సంగతి అత్త కమలవ్వకు తెలుసు. తెలుసని నీలవ్వకూ తెలుసు. అయినా పొద్దటి నుంచి ఇద్దరూ ఆ కుండ పేరెత్తకుండానే పోట్లాడుకుంటున్నారు.

పసుపు పంపమని ఉత్తరం రాసింది నీలవ్వ పెనిమిటి గంగాదాస్. హైదరాబాద్ రేసుకోర్సులో గుర్రాన్ని చూసుకునే పని అతనిది. ఎనభై నాలుగులో రెండేళ్ల ఆడగుర్రాన్ని అతని చేతిలో పెట్టారు. రేసు పుస్తకంలో దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. అతను మాత్రం రాణి అనేవాడు. అది పరుగు ఆపిన నాడు ఇంటికొస్తానని మాటిచ్చాడు. గుర్రం ఎన్నాళ్లు పరుగెత్తుతుంది, రెండేళ్లో మూడేళ్లో అనుకుంది నీలవ్వ.

రాణి ఆగలేదు. మూడో ఏట పదహారు వందల మీటర్లు గెలిచింది. నాలుగో ఏట రెండువేల మీటర్ల రేసు, ఒకే సీజన్లో రెండుసార్లు. ఆఖరి మలుపు దాకా ఊపిరి దాచుకుని అప్పుడు కదులుతుందని గంగాదాస్ ఉత్తరాల నిండా అదే రాసేవాడు. నీలవ్వ బాగోగులకు అడుగున రెండు వరుసలు మిగిలేవి. గుర్రంతో పాటు బెంగుళూరు, బొంబాయి తిరిగాడు. తనతో బీడీలు చుట్టే ఆడవాళ్లు "నీ సవతి మల్ల గెలిచిందటనే" అని నవ్వితే, ఆకు కత్తిరిస్తూ తనూ నవ్వేది.

ఆ ఏడు చివర్లోనే రాణి ముందుకాలి నరం వాచింది. ఇంటి పసుపు ఆముదంలో కాచి కట్టు కడితే తగ్గిందని రాశాడు. అప్పటినుంచి ఏటా నీలవ్వే కొమ్ములు దంచి, పాత చీరకొంగులో జల్లించి, పట్నం పోయేవాళ్ల చేతికిచ్చి పంపుతోంది. ఆ పసుపు గుర్రాన్ని నిలబెడుతోంది, ఆ గుర్రం తన మొగుణ్ణి అక్కడ నిలబెడుతోంది. ఈసారి కుండకు మూత పెడుతుంటే ఆ మాట తట్టింది. అందుకే లేదంది.

వానకాలం రేసులు మొదలైన నెలకే గంగాదాస్ రేకుపెట్టెతో వచ్చాడు. ఆఖరి మలుపు దగ్గర రాణి కదల్లేదట. కుంటుకుంటూ అన్నిటికన్నా వెనక వచ్చిందట. ఇక పరుగు లేదు, పిల్లల్ని కనడానికి ఏదో గుర్రాల ఫారానికి పంపేశారని చెప్పి, పెట్టె మూలకు పెట్టాడు.

మనిషి వస్తే ఇల్లు నిండుతుందనుకుంది. అతనేమో తెల్లారకముందే లేచి బకెట్ నిండా నీళ్లు తోడి, ఎవరి ముందు పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడేవాడు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేవాడు. అతను దూరాన ఉన్నప్పటి ఒంటరితనం ఆమెకు అలవాటే. పక్కన ఉండగా ఇది కొత్త.

ఒక మధ్యాహ్నం తునికాకు తడుపుతూ చెప్పేసింది. "పసుపు ఉండె. కావాల్ననే పంపలే."

గంగాదాస్ ఆమె చేతుల వంక చూశాడు.

"పసుపుతోటి అయ్యేది కాదు. నరం బొంబాయిలనే పోయిందని గుర్రాల డాక్టరు చెప్పిండు. నాకు ఎరుకే."

"మరెందుకు అడుగుతుంటివి?"

"కట్టు కట్టినంక చేతులకు వాసన ఉంటుండె. ఇల్లు యాదికొస్తుండె."

ఫారంవాళ్లు నిన్నూ రమ్మన్నారా అని ఆమె అడిగింది. రమ్మన్నారట, ఉండడానికి ఒక అర్ర కూడా ఇస్తామన్నారట. మాటిచ్చాను కనుక రానని చెప్పి వచ్చాడట.

ఆ సాయంత్రం అందరూ ఒకేసారి తినడానికి కూర్చున్నారు. మరిది భూమన్న, తోటికోడలు భాగ్యవ్వ వానల గురించి మాట్లాడుకుంటున్నారు. కొడుకు గంగాదాస్ రొట్టె తుంచి వదిలేస్తున్నాడని కమలవ్వ సణుగుతోంది. నీలవ్వ మంచం కింది కుండను బయటికి లాగి పళ్లేల నడుమ పెట్టింది. కమలవ్వ దాన్ని చూసి తన పళ్లెం పక్కకు జరిపింది.

"ఐతారం బస్సుకు మేమిద్దరం ఫారానికి పోతున్నం అత్తా" అంది నీలవ్వ, గొంతు పెంచకుండా. "పసుపు ఈసారి నేనే పట్టుకపోత."