మైనం అక్క

మైనం దిమ్మె మీద కత్తి దిగిన ప్రతిసారీ ఉల్లిపొర కన్నా పలచటి రిబ్బను ఒకటి సాగి వస్తోంది. కుంచె కొనతో దాన్ని అందుకుని గోరువెచ్చని నీళ్ళ మీద వదులుతోంది ఆమె. ముడతలు విప్పుకుని తేలగానే గాజుపలకతో కింద నుంచి ఎత్తేస్తోంది. ఏళ్ళ తరబడి ఆసుపత్రి నేలమాళిగలో ఇదే పని. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు మైనంలో గడ్డకట్టి ఆమె దగ్గరికొస్తాయి, పొరలై డాక్టర్ల దగ్గరికి పోతాయి. ఆమె చేతులు ఎప్పుడూ నున్నగా, జిడ్డుగా ఉంటాయి. అందుకే అందరికీ ‘మైనం అక్క’. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమె కూడా వెంటనే పలకదు.

తర్వాతి దిమ్మె అందుకోబోతుంటే పరిశోధన చేసే డాక్టరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“అక్కా, అది మీ తమ్ముడిది. వదిలెయ్యండి, ఇంకొకరికిస్తాను.”

“ఇంకొకరు కోస్తే మాత్రం వాడిది కాకుండా పోతుందా? ఇలా ఇవ్వండమ్మా.”

తమ్ముడు పై అంతస్తులో మంచం మీద ఉన్నాడు. బట్టలు కుట్టేవాడు. తల్లికున్న జబ్బే వాడికీ వచ్చింది. ముక్కు చుట్టూ ఎర్రటి పొక్కులు, రెండు కిడ్నీల్లోనూ గడ్డలు. ఒకే కడుపున పుట్టినా ఆమె జోలికి మాత్రం అది రాలేదు. చిన్నప్పుడు వాడి ముఖం చూసి ఎవరైనా వెక్కిరిస్తే వెళ్ళి కలబడేది. తన ముఖం నున్నగా ఉన్నందుకు ఎవరితో కలబడాలో మాత్రం ఆమెకు తెలియలేదు. ఎడమవైపు గడ్డను పోయినవారం తీసినప్పుడు, “చదువుకునేవాళ్ళకి పనికొస్తుందంటే ఉంచుకోమను” అన్నాడు వాడు.

ఆ దిమ్మె కత్తికి తేలిగ్గా లొంగలేదు. కరకరమంటూ పొర చీలిపోయింది. మంచుగడ్డ మీద కాసేపు ఉంచి, తడిపి, మళ్ళీ కోసింది. మూడోసారికి చెక్కుచెదరని పొర వచ్చింది.

రంగు అద్దాక డాక్టరమ్మ ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. ఎటు చూసినా నీలం పోగులు.

“అదంతా పీచు అక్కా. ఈ జబ్బులో, కణాల పెరుగుదలకి కళ్ళెం వేసే జన్యువు పాడవుతుంది. ఇక ఆ కణం ఊరుకోదు. ఇక్కడ గాయముంది, పూడ్చండి అన్నట్టు పక్కవాటికి సంకేతాలు పంపుతూనే ఉంటుంది. అవి నమ్మి పీచు అల్లుతూనే ఉంటాయి.”

“అక్కడ గాయమే లేదా?”

“లేదు.”

“మరి ఆ కబురు ఆపలేరా?”

“ఏ దారిన పోతోందో వెతుకుతున్నాం. గడ్డని అదుపులో పెట్టే మందుంది. పీచుకి ఇంకా లేదు.”

మధ్యాహ్నం ఆమె పైకి వెళ్ళేసరికి తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

“నా కిడ్నీ కోశావంటగా. ఎలా ఉంది?”

“రాయిలా ఉంది. నీ మొండితనమంతా అందులోనే దాచావు.”

కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు. డాక్టరమ్మ చెప్పినదాన్ని ఆమె తనకు అర్థమైనంత వివరించింది. వాడు చెవులు రిక్కించి విన్నాడు.

“చిరగని బట్టకి అన్ని కుట్లా? మా కొట్లో అలాంటోడుంటే ఎప్పుడో పంపించేసేవాణ్ణి.”

ఆమె నవ్వలేదు. దుప్పటి అంచు సర్దుతూ, “నాక్కూడా వచ్చుంటే బాగుండేదిరా” అంది. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం ఇదే మొదలు.

“ఏం మాటలక్కా అవి! ఇద్దరం మంచానపడితే చూసేదెవరు? పో, పోయి పని చూసుకో.”

సాయంత్రం ఆమె కత్తి తుడుస్తుంటే వార్డు నర్సు మెట్లు దిగి వచ్చింది. కబురేదైనా ఉంటే ఫోన్లోనే చెప్పే మనిషి, తనే వచ్చింది. ఆమెకు అక్కడే అర్థమైంది.

“కుడివైపు గడ్డలో రక్తనాళం చిట్లింది అక్కా. ఆపరేషన్ గది దాకా తీసుకెళ్ళాం. ఆపలేకపోయాం.”

ఆమె నీళ్ళ తొట్టి స్విచ్చి ఆపింది. చేతులు కడుక్కుంది. జిడ్డు పోలేదు. అలాగే పైకి వెళ్ళింది.

మంచం మీద అప్పటికే దుప్పటి మార్చారు. పక్కబల్ల మీద బోర్లించిన గాజుగ్లాసు ఒకటి ఉంది.

“మీరొస్తారని మీ తమ్ముడే దాచి మూత పెట్టించారు” అంది నర్సు.

గ్లాసు కింద, గింజలు తీసేసిన సగం నారింజపండు.