మోయక్కర్లేని మూట

ఎనిమిదీ యాభై ఐదుకి అతను స్టాప్‌వాచ్‌కి కీ ఇచ్చాడు. ఈ నీటి ఫిర్యాదుల ఆఫీసులో ఎవరికీ సొంత కంప్యూటర్ లేదు. ఎవరు ఎక్కడ కూర్చుని పాస్‌వర్డ్ కొడితే అక్కడికి వాళ్ల ఫైళ్లూ, బొమ్మలూ, అలవాట్లూ సర్వర్ గదినుంచి ఒక మూటగా వస్తాయి. దాన్ని ప్రొఫైల్ అంటారు. అతను మాత్రం మూటే అంటాడు. మూట బరువైతే తెర తెరుచుకోవడం ఆలస్యం. పదిహేనేళ్లుగా మూటలు తేలిక చేయడమే పని కాబట్టి అందరికీ అతను మూటల మాస్టారు. పొట్టి మనిషి, కాస్త వంగిన వీపు, ఎడమ చెవి మందం. "ఇంట్లో అల్మరా సర్దవు గానీ ఊరందరి మూటలూ సర్దుతావు" అని అక్క దెప్పుతుంటుంది. ఆ మాట నిజమే.

తొమ్మిదికి ముందు సర్వర్ ఎవరినీ లోపలికి రానివ్వదు. తొమ్మిదింటికి నాలుగు వందల మందీ ఒక్కసారే వచ్చి పడతారు. పదకొండో నంబరు ఫోన్ దగ్గర కూర్చునే ఆమెకి ఈ రోజూ నాలుగు నిమిషాలు పట్టింది. అక్కడ తెర తెరుచుకున్న సమయమే హాజరు.

"తొమ్మిదిసార్లు లేటమ్మా" అన్నాడు సూపర్‌వైజర్, గొంతు పెంచకుండానే. "రేపు కూడా ఇంతే అయితే ఇంక రానక్కర్లేదు."

వారంగా మాస్టారు ఆమె మూటలో పెద్ద ఫైలు కోసం వెతుకుతున్నాడు. వీడియోల్లేవు, పాటల్లేవు. మధ్యాహ్నానికి విసిగిపోయి, బరువు చూడడం మాని లెక్కపెట్టాడు. పదకొండు వేల ఫైళ్లు, ఒక్కోదాంట్లో రెండేసి వాక్యాలు. ఒక్కొక్కటే గుమ్మం దాటాలంటే ఆ మాత్రం పట్టదూ! ఏనుగును వెతుకుతూ చీమల బారు మీదే నిలబడ్డాడన్నమాట. తన మీద తనకే చిరాకేసింది.

ఒకటి తెరిచాడు. "మూడో అంతస్తు తాతగారు. వినపడదు. గట్టిగా మాట్లాడాలి." ఇంకోటి. "కోపం పేరుకే. ముందు మనవరాలి సంగతి అడగాలి."

ఆమెని పిలిచాడు. "ఏంటమ్మా ఇవన్నీ?"

"ఫోన్ చేసేవాళ్లు, మాస్టారూ. మళ్లీ చేసినప్పుడు పాపం మొదటినుంచీ చెప్పుకోవాలి కదా అని. తీసేయాలంటే తీసేయండి." అంటూనే మౌస్ మీద ఉన్న అతని చేతిని చూస్తోంది.

"తీసేస్తే నా పని అవుతుంది. నీ పని పాడవుతుంది."

చీటీలన్నిటినీ సర్వర్‌లోనే ఒక చోట ఉంచి, మూటలో వాటి చిరునామా ఒక్కటే పెట్టాడు. "సామానంతా నెత్తిన మోయక్కర్లేదు. ఎక్కడుందో తెలిస్తే చాలు" అన్నాడు.

ఐదున్నరకి ఆమె కంప్యూటర్‌లోంచి లాగవుటై మళ్లీ పాస్‌వర్డ్ కొట్టింది. అతను స్టాప్‌వాచ్ నొక్కాడు. తొమ్మిది సెకన్లు. ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. అతనికి చాలా సంతోషం వేసింది, సంచీ సర్దుకున్నాడు.

"మాస్టారూ, మీ వాచీ!"

"ఉండనీ. పొద్దున్న మళ్లీ చూద్దాం."

ఆ సాయంత్రం బస్సు చివరి స్టాపులో అందరూ దిగారు. అతను దిగలేదు. నిద్రనుకుని కండక్టర్ భుజం తట్టాడు.

మర్నాడు తొమ్మిదింటికి తెరలన్నీ చకచకా తెరుచుకున్నాయి, ఆమెదీ తెరుచుకుంది. తొంభై రోజులు ఎవరూ విప్పని మూటని సర్వర్ తనంతట తానే చెరిపేస్తుంది. ఆ నియమం రాసింది అతనే. తొంభై ఒకటో రోజున అతని మూటా పోయింది; అందులో పెద్దగా ఏమీ లేదు.

ఆమె చీటీల్లో మాత్రం ఒకటి ఎక్కువుంది. "మూటల మాస్టారు. ఎడమ చెవి మందం. కుడివైపు నిలబడి మాట్లాడాలి."

పదకొండో నంబరు ఫోన్ పక్కన స్టాప్‌వాచ్ ఉంది, ముల్లు తొమ్మిది మీదే.