పూలు రాలిన మర్నాడు

ఆ నిబంధనలో తప్పు దొర్లింది. దొర్లించినవాణ్ణి నేనే. వన్యప్రాణి శాఖలో నిబంధనలు రాసే గుమాస్తాను. ఇరవై రెండేళ్లలో ఒక్క కామా కూడా జారవిడవలేదని ఊరంతా గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

నది ఎగువన తరతరాలుగా బతుకుతున్నవాళ్లకు ఏటా పదిహేను రోజులు చేపలు పట్టుకునే హక్కు ఉండాలని, ఆ రోజుల్లో ఇంకెవరూ వెళ్లకూడదని, పదహారో రోజు నుంచి అందరికీ తెరవాలని నిరుడు తీర్మానించారు. ఆ రోజులు ఎప్పుడు మొదలవుతాయో కనుక్కోమని నన్నే పంపారు. వాళ్ల పెద్ద, అందరూ అవ్వ అని పిలిచే ముసలామె, రేవు పక్కనున్న తెల్లపూల చెట్టు చూపించి, "ఆ పూలన్నీ రాలిన మర్నాటి నుంచి బాబూ" అంది. అప్పటికే కొమ్మలు బోడిగా ఉన్నాయి, నేలంతా తెల్లగా ఉంది. నేను గడియారంలో తారీఖు చూసుకుని, మర్నాటి తారీఖు రాసుకొచ్చాను. చట్టానికి తారీఖు కావాలి కదా! చెట్టు సాక్ష్యం చెల్లదు కదా!

ఈ ఏడు వానలు ఆలస్యం. పూలూ ఆలస్యం. నా తారీఖు మాత్రం టంచనుగా వచ్చేసింది.

ఆ పదిహేనులో పన్నెండో రోజున అవ్వ మూడంతస్తుల మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చి నా బల్ల ముందు కూర్చుంది.

"చెట్టు నిండా పూలున్నాయి బాబూ. గుడ్లున్న చేప ఇంకా పైకి పోతానే ఉంది. అది దాటేదాకా మేం వల ముట్టం. మీ కాగితమేమో ఇంక మూడు రోజులే అంటోంది. ఏడాదంతా మేం తినే ఎండుచేప ఈ పదిహేను రోజుల్లో పట్టిందే."

ఒక్క చేప కూడా పట్టలేదట. తిట్టినా బాగుండేది. మంచినీళ్లడిగి తాగిందంతే. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పై అధికారి ఫైలు తిరగేసి, "రెండు పక్షాలూ సంతకం పెడితే ఈ ఏటికి తేదీలు మార్చొచ్చు. లేకపోతే మళ్లీ ప్రకటన, అభ్యంతరాలు... మూడు నెలలు" అన్నారు.

రెండో పక్షం గాలపు వేటగాళ్ల సంఘం. దాని అధ్యక్షుడు సాక్షాత్తూ మా అక్క మొగుడు.

బావ దర్జీ. ఆరు రోజులు మిషను మీద వంగి, ఏడో రోజు గాలం పట్టుకుని ఒడ్డున కూర్చుంటే గానీ ఆయన నడుం తిన్నగా నిలవదు. అవ్వను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను. ఆయన మెడలో టేపుతో, ఒక చిన్న చొక్కాకు గుడ్డ కత్తిరిస్తున్నాడు.

సంగతి విని కత్తెర బల్ల మీద పెట్టాడు. "ఏరా, తప్పు నీది, శిక్ష మాకా? తోటలు కొన్నవాళ్లు ఒడ్డు పొడవునా కంచెలేశారు. మాకు మిగిలింది ఆ ఒక్క రేవే. నూట నలభైమంది సెలవులు పెట్టుకుని కూర్చున్నారు. నది అందరిదీ కాదా?"

అందులో అన్యాయమేమీ లేదు.

"అందరిదే నాయనా" అంది అవ్వ. "అందుకే ఆగాం."

"ఎన్నాళ్లు ఆగాలి?"

"పూలు రాలేదాకా."

"రాలాయని ఎవరు చెప్తారు? మీరే. చెప్పకపోతే?"

అవ్వ ఆ చిన్న గుడ్డముక్కను వేళ్లతో తడిమింది. "ఈ పిల్లాడికి నిరుడు కూడా నువ్వే కుట్టావా?"

"ఆఁ."

"నిరుటి కొలతతోనే కత్తిరిస్తున్నావా?"

బావ మెడలోని టేపు తీసి వేళ్లకు చుట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపి, "ఇలా తగలెయ్యరా కాగితం" అన్నాడు.

సంతకమైతే పెట్టాడు గానీ, పాపం ఆయన పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ముప్ఫైమంది సంఘం వదిలి వెళ్లిపోయారు. బావమరిది కోసం నదిని తాకట్టు పెట్టాడన్నారు. అక్క నాతో మాట్లాడటం మానేసింది. బావ మాత్రం రోజూ ఫోను చేసి, "నీ చెట్టు గుండు కొట్టించుకుందా?" అని అడిగేవాడు.

సంతకం పెట్టిన తొమ్మిదో నాటికి పూలన్నీ రాలాయి. వాళ్ల పదిహేను రోజులు మొదలయ్యాయి.

పదకొండో రోజు మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఒరేయ్, అవ్వ దుకాణానికొచ్చింది. వాళ్లకు సరిపడా దొరికిందట. మిగిలిన నాలుగు రోజులూ మాకిచ్చేస్తున్నారట. రేపే రమ్మంది. కాగితమేం ఇవ్వలేదురా. నోటిమాటే. చెల్లుతుందా?"

హక్కు వాళ్లది, వదులుకున్నదీ వాళ్లే. "చెల్లుతుంది బావా" అన్నాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో కాగితం చూడకుండా ఆ మాట అనడం అదే మొదలు.

మర్నాడు, వచ్చే ఏటి కోసం కొత్త నిబంధన రాయడానికి కూర్చున్నాను. తారీఖు ఉండాల్సిన చోట 'తెల్లపూలు రాలిన మర్నాడు' అని రాశాను. పై అధికారి దాని కింద ఎర్రగీత గీసి, "రాలాయని ధ్రువీకరించేదెవరు?" అని పక్కన రాశారు. 'అవ్వ' అని రాశాను.

"దీనికి గాలపు సంఘం ఒప్పుకుంటుందా?" అన్నారాయన నవ్వుతూ.

కాగితం తిప్పి చూపించాను. వెనక బావ సంతకం అప్పటికే ఉంది.