ముప్పై ఏడో నంబరు పాదం

జర్మనీలో షూలకి పేరుపడ్డ మా పిర్మాసెన్స్‌లో ఆడవాళ్ల షూ ఏది కొత్తగా చేసినా మొదటి జత ముప్పై ఏడో నంబరులోనే తయారవుతుంది. ఎప్పటినుంచో అదే పద్ధతి. ఆ జత ఎవరో ఒకరు తొడుక్కుని, నడిచి, ఎక్కడ కరుస్తోందో చెప్పాలి. షూల అడుగున వేసే సోళ్లు చేసే మా కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఆ ఎవరో నేనే. తొడిగి చూసే కుర్చీ నాదే, నడిచి చూశాక ఆ జతా నాదే. నా అసలు ఉద్యోగం అచ్చులు గీయడం. కానీ కొత్తవాళ్లు పరిచయమైతే "రోస్విత, ముప్పై ఏడు" అనేదాన్ని. అదేదో పెద్ద చదువు చదివి సంపాదించిన పట్టా అయినట్టు. యాభై మూడేళ్లకి నడుము, గడ్డం, జుట్టు అన్నీ నన్ను మోసం చేశాయి గానీ పాదం మాత్రం మాట మీద నిలబడిందని నా గర్వం.

కిందటేడు మా యజమాని ఎక్‌హార్ట్ త్రీడీ ప్రింటర్ కొన్నాడు. ఇదివరకు అచ్చుని లోహంలో చెక్కేవాళ్లం. చెక్కే పనిముట్టు చేరని మూలల్లో ఏమీ చేయలేకపోయేవాళ్లం. ప్రింటర్ అచ్చుని పొర మీద పొర పేర్చి కడుతుంది కాబట్టి లోపల తేనెపట్టులాంటి గళ్లు ఎలా కావాలంటే అలా పెట్టొచ్చు. ఆ అచ్చులో ప్లాస్టిక్ నురుగు పోస్తే, మూతపెట్టిన పెనంలో డాంప్‌నూడెల్ రొట్టెల పిండి పొంగినట్టు పొంగి ప్రతి సందులోకీ వెళుతుంది. చల్లారాక లాగితే సోలు వచ్చేస్తుంది. పెద్ద గళ్లున్న చోట మెత్తగా, చిన్న గళ్లున్న చోట గట్టిగా.

రోజంతా నిలబడే నర్సుల కోసం అలాంటి సోలు కావాలని ఒక షూ కంపెనీ అడిగింది. గురువారం పదకొండింటికి వచ్చి చూస్తామన్నారు. నచ్చితే రెండేళ్ల పని మాది. నచ్చకపోతే ప్రింటర్‌ని కొన్నచోటికే తిప్పి పంపాలని ఎక్‌హార్ట్ రోజుకి రెండుసార్లు అంటున్నాడు.

మెత్తదనం ఎక్కడ కావాలో తెలియాలంటే బరువు చూపించే పలక మీద నడవాలి. ఎవరు నడవాలి? అడగక్కర్లేదు కదా. నడిచాను. తెర మీద నా పాదం ఎర్రగా, పచ్చగా పరుచుకుంది. కింద ముప్పై తొమ్మిది అని చూపించింది.

నేను పలకని జాలిగా చూశాను. కొత్త యంత్రం, పాపం, ఇంకా కుదురుకోలేదు అనుకున్నాను. ఆ బొమ్మని కంప్యూటర్లో నొక్కి ముప్పై ఏడుకి కుదించి, దాని ప్రకారం అచ్చు గీశాను. ముప్పై ఒక్క గంటలు ప్రింటయింది.

సోమవారం మొదటి సోళ్లు వచ్చాయి. షూకి అంటించి నేను తొడుక్కున్నాను. వేళ్లు కరిచాయి. నురుగు పోసే సెవ్గిది కూడా ముప్పై ఏడే. ఆమె తొడుక్కుని నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"అక్కా, బొటనవేలి పక్కన గొయ్యి తవ్వావా? కాలు అటే జారుతోంది."

"ఎండ ఎక్కువగా ఉంది కదా, నురుగు సరిగ్గా పొంగలేదేమో" అన్నాను.

"లోపల ఏసీ ఉంది."

"అయితే ప్రింటరే."

ఎక్‌హార్ట్ మొహం ఎర్రబడింది. "రేపు పొద్దున్నే ప్రింటర్ వాళ్లకి ఉత్తరం రాస్తాను. ఆ యంత్రం పెట్టి వెళ్లిన కుర్రాణ్ణి వదలను."

ఆ సాయంత్రం కింది వాటాలో ఉండే మా అత్తగారు గెర్దా భోజనానికి పిలిచింది. నలభై ఏళ్లు షూ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసిన మనిషి. బంగాళదుంపల సూప్ వడ్డిస్తుంటే ప్రింటర్‌ని తిడుతూ జరిగిందంతా చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"పలక ఎంతంది?"

"ముప్పై తొమ్మిదట, అత్తయ్యా! నవ్వొచ్చింది."

ఆవిడకి రాలేదు. లేచి నేలమాళిగలోకి వెళ్లి ఒక పాత చెక్క పాదం తెచ్చి బల్ల మీద పెట్టింది. షూలోకి దూర్చి మర తిప్పితే తోలు సాగే రకం.

"నువ్వు కొత్త జత తెచ్చిన ప్రతిసారీ వారం రోజులు, నువ్వు పడుకున్నాక, దీని మీద ఉంచుతున్నాను. ఏడేళ్ల నుంచి."

"ఎందుకు?"

"కుంటుతుంటే చూడలేక. చెబితే ఏడుస్తావని."

మంచి తోలు దానంతటదే సాగుతుందని నేను ఏడేళ్లుగా అందరికీ చెప్పాను. ఒకసారి వృత్తివిద్యా పాఠశాలలో పిల్లలకి కూడా.

"ఆ గొయ్యి నీ ఎముకదే అమ్మాయ్" అంది గెర్దా, నా బొటనవేలి పక్కన పొడుచుకొచ్చినదాన్ని స్పూనుతో చూపిస్తూ. "సూప్ చల్లారిపోతోంది, తిను."

మంగళవారం పొద్దున్న నేను వెళ్లేసరికి ఎక్‌హార్ట్ ఉత్తరంలో మూడో పేరాలో ఉన్నాడు. ఆ కుర్రాడి పేరు రెండుసార్లు రాశాడు.

"అది పంపకండి. ప్రింటర్ తప్పు లేదు. తప్పు నా కాలిది."

ఆయన పలక రికార్డు తెరిచాడు. ముప్పై తొమ్మిది అంకె అంత పెద్దగా ఎందుకు వేస్తారో తెలియదు.

"ఇది నీ పాదమా?"

"సాయంత్రం నడిచాను. కాస్త వాచి ఉంటుంది. ముప్పై ఎనిమిది అనుకోండి."

"పొద్దున తొమ్మిదింటికి నడిచినట్టు రాసుందే."

సెవ్గి నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. తర్వాత సాక్సు విప్పి పలక మీద నిలబడింది. "అక్కా, నీ కుర్చీలో కూర్చోవాలా నేను?"

"కూర్చో. పిరుదులు పట్టేస్తాయి, దిండు వేసుకో."

కొత్త అచ్చు మధ్యాహ్నానికి ప్రింటర్లో పెట్టాం. బుధవారం రాత్రి ఏడింటికి అయింది. గురువారం పొద్దున నురుగు పోశాం. పదకొండింటికి వాళ్లు వచ్చినప్పుడు సెవ్గి హాలులో అటూ ఇటూ నడిచింది. "గొయ్యి ఏమీ లేదు" అంది. వాళ్లు సెవ్గి కాళ్లనే చూశారు. నా కాళ్లని ఎవరూ చూడలేదు. పని మాకే ఇచ్చారు. కుర్చీ వెనకాల గోడ మీద "37 - రోస్విత" అని ఉన్న అట్ట నేనే తీసేశాను.

శనివారం ఇరవై రెండేళ్లలో మొదటిసారి దుకాణానికి వెళ్లి షూ కొనుక్కున్నాను. నంబరు అడిగితే ధైర్యంగా ముప్పై ఎనిమిది అని చెప్పాను. గొప్ప నిజాయితీ చూపించినట్టే అనిపించింది.

వంటింట్లో గెర్దా నా ముందు వంగి, ఫ్యాక్టరీ అలవాటు ప్రకారం షూ కొసని బొటనవేలితో నొక్కి చూసింది. లేచి నేలమాళిగ తలుపు వైపు నడిచింది.

"వద్దు అత్తయ్యా," అన్నాను షూ విప్పుతూ. "దుకాణం ఇంకో అరగంట తెరిచే ఉంటుంది. మార్చుకొస్తాను."